రోడ్డే సగం దీపం: వీధి వెలుగు లెక్కల్లో తారు, కాంక్రీటు చేసే తేడా

పక్కపక్కనే రెండు వీధులున్నాయనుకుందాం. స్తంభాల ఎత్తు ఒకటే, వాటి మధ్య దూరం ఒకటే, బిగించిన ఎల్ఈడీ దీపాలూ ఒకే రకానివి, ఒకే వాటేజీవి. అయినా రాత్రిపూట బండి మీద వెళ్తుంటే ఒక వీధిలో రోడ్డంతా సమంగా, తేటగా కనిపిస్తుంది. రెండో వీధిలో మాత్రం అక్కడక్కడ మెరుపు మచ్చలు, వాటి మధ్య నల్లటి పట్టీలు తప్ప ఏమీ ఆనవు. మొదటిది నాలుగైదేళ్లుగా వాడుకలో ఉన్న సీసీ రోడ్డు, రెండోది కొత్తగా పొర వేసిన తారు రోడ్డు. వాటి మధ్య ఉన్న తేడా ఆ ఉపరితలం ఒక్కటే.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తర్వాత ఆ నగరంలో వీధి దీపాలను పెద్దయెత్తున ఎల్ఈడీలకు మార్చారు. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వపు జాతీయ వీధి దీపాల పథకం మొదలయ్యాక ఈ మార్పు ఊరూరికీ చేరింది. అప్పటి నుంచి చర్చంతా ఎన్ని వాట్లు తగ్గాయి, ఎన్ని యూనిట్లు ఆదా అయ్యాయి అన్నదాని చుట్టూనే తిరిగింది. దీపం నుంచి వచ్చిన వెలుగును మన కంటి దాకా చేర్చేది రోడ్డేనన్న సంగతి ఆ చర్చలో దాదాపుగా వినిపించలేదు. దీపాల అమరిక రూపొందించే ఇంజినీర్లు మాత్రం దశాబ్దాలుగా ఈ విషయంతో తంటాలు పడుతున్నారు, ఇప్పటికీ వారిలో ఏకాభిప్రాయం లేదు.

పడే వెలుగు వేరు, కనిపించే వెలుగు వేరు

ఒక చదరపు మీటరు నేల మీద ఎంత వెలుగు పడుతోందో చెప్పే కొలత లక్స్. చేతిలో ఇమిడే లక్స్ మీటరును రోడ్డు మీద పెడితే అంకె తెలిసిపోతుంది. కానీ మన కన్ను చూసేది నేల మీద పడిన వెలుగును కాదు, నేల నుంచి తిరిగి మన వైపు వచ్చిన వెలుగును. దాని కొలత చదరపు మీటరుకు ఇన్ని క్యాండెలాలు (ఒక దిశలో వెలువడే కాంతి తీవ్రతకు ప్రమాణం క్యాండెలా). ఫోన్ల ప్రకటనల్లో తెర కాంతి గురించి చెప్పే ‘నిట్స్’ ఇదే కాబట్టి ఈ వ్యాసంలో కూడా ఆ చిన్న మాటనే వాడుకుందాం. ఫోన్ తెర వందల నిట్లలో వెలుగుతుంది, మంచి దీపాలున్న ప్రధాన రహదారి రాత్రిపూట ఒకటి రెండు నిట్ల దగ్గర ఉంటుంది.

కనిపించే నిట్లను పడిన లక్స్‌తో భాగిస్తే వచ్చేదే ఆ ఉపరితలపు పరావర్తన గుణకం. ఏ వైపు నుంచి చూసినా ఒకేలా కనిపించే, మెరుపన్నది లేని ఆదర్శ ఉపరితలానికి ఈ లెక్క సులువు. పడిన వెలుగులో 22 శాతాన్ని అది వెనక్కి పంపుతుంటే, 0.22ను గణితంలోని ‘పై’ (π) విలువ 3.14తో భాగించాలి, గుణకం 0.07 వస్తుంది. అంటే 15 లక్స్ పడితే 1.05 నిట్లు కనిపిస్తాయి. సున్నం వేసిన గోడ ఈ ఆదర్శానికి కొంత దగ్గరగా ఉంటుంది. రోడ్డు అలా ఉండదు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

రోడ్డు ఉపరితలం మీద అంత పట్టింపు ఎందుకంటే, వీధి దీపాల వెలుగులో మనం చాలా అడ్డంకులను వాటి సొంత వెలుగుతో గుర్తుపట్టం, రోడ్డు వెలుగుకు అడ్డుగా నిలిచిన నల్లని ఆకారాలుగా గుర్తుపడతాం. అర్ధరాత్రి రోడ్డు మధ్యలో పడుకున్న గేదె మీద ఎంత వెలుగు పోసినా అది నల్లగానే ఉంటుంది. దాని వెనకున్న రోడ్డు తెల్లగా కనిపిస్తేనే గేదె ఆకారం తేలుతుంది. వెనక రోడ్డు కూడా నల్లబారితే రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

అన్నిటికీ మూలం ఒక్క డిగ్రీ

బండి నడిపే మనిషి కళ్లు నేలకు సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటాయని, అతను దాదాపు 60 నుంచి 160 మీటర్ల దూరంలోని రోడ్డును గమనిస్తాడని అంతర్జాతీయ ప్రమాణాలు భావిస్తాయి. ఆ దూరంలో చూపు రోడ్డుతో చేసే కోణం అర డిగ్రీకీ డిగ్రీన్నరకూ మధ్యే ఉంటుంది. సరిగ్గా ఒక డిగ్రీ కావాలంటే 86 మీటర్ల దూరం చూడాలి. అందుకే వియన్నా కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ దీపన సంఘం సీఐఈ, రోడ్డు పరావర్తనానికి సంబంధించిన పట్టికలన్నిటికీ ఈ ఒక్క డిగ్రీనే స్థిరపరచింది.

ఇంత ఏటవాలుగా చూసినప్పుడు ఏ ఉపరితలమైనా దాని మామూలు స్వభావాన్ని వదులుకుంటుంది. పైనుంచి వంగి చూస్తే మసిలా ఉండే తారు, దూరం నుంచి దీపం వైపు చూస్తే నీళ్లు చల్లినట్టు తళుక్కుమంటుంది. అందువల్ల ఒక బిందువు దగ్గర రోడ్డు ఎంత వెలుగును మన వైపు పంపుతుందన్నది, ఆ వెలుగు ఎంత వాలుగా వస్తోంది, మన చూపు రేఖకు ఎంత పక్క నుంచి వస్తోంది అనే మరో రెండు కోణాల మీద ఆధారపడుతుంది. మొదటి దాన్ని గామా అని, రెండో దాన్ని బీటా అని పిలుస్తారు. దీపం సరిగ్గా మన ఎదురుగా, చూస్తున్న బిందువుకు అవతల ఉంటే బీటా సున్నా అవుతుంది.

40 లక్స్ కన్నా 3.6 లక్స్ ఎక్కువ వెలిగే చోటు

ఈ కోణాలు ఎంత తేడా తెస్తాయో ఒక లెక్క వేసి చూడవచ్చు. 10 మీటర్ల ఎత్తులో ఒక దీపం ఉందని, మనకు కావలసిన రెండు దిశల్లోనూ దాని తీవ్రత 4,000 క్యాండెలాలని అనుకుందాం. మొదటి బిందువు సరిగ్గా దీపం కింద ఉంది. రెండోది దీపానికి 20 మీటర్లు ఇవతల, బండి నడిపే మనిషికీ దీపానికీ మధ్యలో ఉంది.

దీపం కింద పడే వెలుగు 4,000ను ఎత్తు వర్గమైన 100తో భాగిస్తే వచ్చే 40 లక్స్. రెండో చోట దూరం పెరిగి, వెలుగు వాలుగా పడటంతో అది దాదాపు 3.6 లక్స్‌కు పడిపోతుంది, అంటే పదో వంతు కూడా కాదు. లక్స్ మీటరు పట్టుకుని చూసేవారికి రెండో చోటు చీకటి కిందే లెక్క.

ఇప్పుడు నిట్లు చూద్దాం. సీఐఈ పట్టికల్లో సాధారణ తారు రోడ్డుకు ప్రతినిధిగా నిలిచే ఆర్3 అనే రకాన్ని తీసుకుంటే, దీపం కింది బిందువుకు పట్టిక విలువ 0.0294, రెండో బిందువుకు 0.0326. ఈ విలువల్లో వెలుగు వాలుగా పడటం వల్ల జరిగే నష్టాన్ని ముందే కలిపేశారు కాబట్టి, తీవ్రతను పట్టిక విలువతో గుణించి ఎత్తు వర్గంతో భాగిస్తే సరిపోతుంది. దీపం కింద 1.18 నిట్లు వస్తాయి, 20 మీటర్ల ఇవతల 1.30 నిట్లు వస్తాయి. కేవలం 3.6 లక్స్ పడిన చోటు 40 లక్స్ పడిన చోటు కన్నా ఎక్కువ వెలుగుతో కనిపిస్తోందన్నమాట!

ఇదే దీపాన్ని మెరుపు బాగా తక్కువగా, లేత రంగుతో ఉండే ఆర్1 రకపు ఉపరితలం మీద పెడితే కథ తిరగబడుతుంది. దీపం కింద 2.62 నిట్లు, ఇవతల 0.65 నిట్లు. దీపం మారలేదు, లక్స్ మారలేదు, కానీ వెలుగు ఎక్కువగా కనిపించే చోటు 20 మీటర్లు జరిగింది. దీపాన్ని దాటి అవతలి వైపు చూస్తే మరో తేడా తెలుస్తుంది. అక్కడ పడే వెలుగు మన నుంచి దూరంగా పోయే దిశలోనే మెరుస్తుంది కాబట్టి, తారు రోడ్డు మీద ఆ భాగం మనకు బాగా నల్లగా కనిపిస్తుంది. ఒక్కో దీపం రోడ్డు మీద వేసే మరక ఇంగ్లీషు టీ అక్షరంలా, తల దీపం కింద, తోక మన వైపు సాగి ఉండటానికి కారణం ఇదే.

అసలు రోడ్డు మీద ప్రతి బిందువుకూ నాలుగైదు దీపాల వెలుగు చేరుతుంది. ఒక్కో దీపానికి ఇదే లెక్క విడిగా వేసి అన్నిటినీ కలుపుతారు. డిజైన్ సాఫ్ట్‌వేర్లు చేసే పనంతా ప్రాథమికంగా ఇంతే.

పట్టికలో ఉన్న రెండు రహస్యాలు

ఈ విలువలను నింపిన పట్టికను ఆర్-పట్టిక అంటారు. గామా కోణపు టాంజెంటుకు 29 వరుసలు, బీటా కోణానికి 20 నిలువు గడులు ఉంటాయి. మొత్తం 580 గడుల్లో ఆచరణలో అక్కరలేనివాటిని ఖాళీగా వదిలేస్తారు. ప్రతి రోడ్డుకూ ఇన్ని అంకెలు కొలవడం కుదిరే పని కాదు కాబట్టి, వాటి సారాన్ని రెండు అంకెల్లో చెప్పే పద్ధతి పుట్టింది.

మొదటిది క్యూ-సున్నా. అన్ని దిశల నుంచి వచ్చే వెలుగుకూ కలిపి రోడ్డు సగటున ఎంత తెల్లగా కనిపిస్తుందో అది చెబుతుంది. రెండోది ఎస్1, అంటే మెరుపు. పైన మనం వాడిన రెండు పట్టిక విలువల నిష్పత్తే అది. 0.0326ను 0.0294తో భాగిస్తే 1.11, ఇది ఆర్3 ప్రామాణిక ఎస్1 విలువ. ఎస్1 0.42 కన్నా తక్కువైతే ఆర్1, 0.85 దాకా ఆర్2, 1.35 దాకా ఆర్3, ఆపైన ఆర్4 అని వర్గాలు చేశారు. ప్రామాణిక క్యూ-సున్నా ఆర్1కు 0.10, ఆర్2, ఆర్3లకు 0.07, ఆర్4కు 0.08. ఆ తర్వాత సీ1, సీ2 అనే రెండే వర్గాలతో ఇంకా సులువైన విభజన కూడా వచ్చింది.

ఈ రెండు అంకెలూ రెండు వేర్వేరు తప్పులకు దారితీస్తాయి. క్యూ-సున్నా తప్పుగా అనుకుంటే రోడ్డు మొత్తం అనుకున్న దానికన్నా చీకటిగానో వెలుగుగానో తేలుతుంది, కానీ మచ్చల తీరు మారదు. ఎస్1 తప్పుగా అనుకుంటే సగటు సరిపోయినా సమత చెడుతుంది, అంటే వెలుగు పట్టీలు, చీకటి పట్టీలు ఏర్పడతాయి. మొదటి తప్పును దీపం కాంతి పెంచో తగ్గించో సరిదిద్దుకోవచ్చు. రెండోదానికి దీపం లెన్సునో, స్తంభాల మధ్య దూరాన్నో మార్చవలసి వస్తుంది, అదీ స్తంభాలు పాతేశాక.

కొలవడం ఎందుకంత కష్టం

రోడ్డు పొర మందం చూడటానికి కోర్, అంటే తొలిచిన గుండ్రటి ముక్క, తీయడం మన ఇంజినీర్లకు కొత్త కాదు. పరావర్తనం కొలవడానికీ అలాంటి ముక్కనే ప్రయోగశాలకు తీసుకెళ్తారు. కానీ 10 సెంటీమీటర్ల పొడవైన ముక్కను ఒక డిగ్రీ కోణం నుంచి చూస్తే కనిపించే ఎత్తు 1.7 మిల్లీమీటర్లు, అంటే ఒక గీత. మరో విధంగా చెప్పాలంటే, పరికరం సెంటీమీటరు ఎత్తున్న చూపుతో చూస్తే నేల మీద 57 సెంటీమీటర్ల పొడవును చూస్తున్నట్టు. ముక్క పదో వంతు డిగ్రీ వాలినా చూపు కోణంలో పది శాతం తేడా వచ్చేస్తుంది. గరుకుగా, కంకర తేలిన ముక్కకు అసలు ‘సమతలం’ ఏదో తేల్చడమే ఒక వాదన.

దీనికి విరుగుడుగా రోడ్డు మీదికే తీసుకెళ్లగల పరికరాలు వచ్చాయి. ఫ్రాన్సులో వాడే కొలురూట్ అటువంటిదే. ట్రాఫిక్ ఆపి, రోడ్డుకు గాయం చేయకుండా అనేక చోట్ల కొలవవచ్చు. టైర్లు తిరిగే దారికీ ఆ రెండు దారుల మధ్యనున్న పట్టీకీ విలువలు తేడాగా ఉంటాయి కాబట్టి, ఒకే చోట తీసిన ఒకే ముక్కను నమ్మడం కన్నా ఇది మేలన్నది దీని సమర్థకుల వాదన. అయితే ఆ పరికరపు పెట్టె లోపల ఇమిడిన దీపాల సంఖ్య పరిమితం, కాబట్టి మిగిలిన గడులను అంచనాతో నింపాలి. ప్రయోగశాల వారు చూపే లోపం అది.

మూడో దారి కెమెరా. దీపాల తీవ్రతలు ముందే తెలిసిన వీధిలో, నిట్లను కొలిచే కెమెరాతో రోడ్డును ఫొటో తీసి, ఆ చిత్రం నుంచి వెనక్కి లెక్కకట్టి ఉపరితల లక్షణాలను రాబట్టడం. ప్రతి చిత్రబిందువులోనూ అనేక దీపాల వాటా కలిసిపోయి ఉంటుంది కాబట్టి వందల గడులను విడదీయడం అసాధ్యం. క్యూ-సున్నా, ఎస్1 అనే రెండింటినే తెలుసుకుందామనుకుంటే మాత్రం ఆశ ఉంది.

పట్టిక కావాలా, సూత్రం కావాలా

ఆర్-పట్టికల్లో ఉన్నదే కంప్యూటర్ గ్రాఫిక్స్ రంగంలో వేరే పేరుతో ఉంది. వెలుగు ఏ దిశ నుంచి వచ్చి ఏ దిశలో ఎంత పోతుందో చెప్పే ఆ ప్రమేయానికి 1970లలోనే అమెరికా ప్రమాణాల సంస్థ కచ్చితమైన నిర్వచనం ఇచ్చింది. గరుకు ఉపరితలాన్ని లెక్కలేనన్ని చిన్న చిన్న అద్దపు పలకల సమూహంగా ఊహించే టొరెన్స్, స్పారో నమూనా 1967 నాటిది. మెరుపు లేని గరుకు ఉపరితలాలకు ఒరెన్, నాయర్ నమూనా 1994లో వచ్చింది. ఇలాంటి సూత్రాల్లో రెండు మూడు గుణకాలు సరిచేస్తే చాలు, ఏ కోణానికైనా విలువ వస్తుంది. పట్టిక అలా కాదు. కొలిచిన దానికి నమ్మకంగా ఉంటుంది కానీ ఒక డిగ్రీ చూపుకే కట్టుబడి ఉంటుంది.

సూత్రాలతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, అవి మామూలు కోణాల్లో చక్కగా కుదిరి, మనకు అన్నిటికన్నా అవసరమైన ఆ ఒక్క డిగ్రీ దగ్గరే గాడి తప్పవచ్చు. ఒక కంకర రాయి నీడ పక్క రాయిని కప్పేయడం, తారు పొర సగం అరిగి రాయి సగం బయటపడటం లాంటివి ఆ కోణంలో పెద్దవైపోతాయి. నా దృష్టిలో సూత్రాలు పట్టికలకు ప్రత్యామ్నాయం కాదు. కొద్ది కొలతల నుంచి మిగతా గడులను నింపడానికి పనికివచ్చే పనిముట్లు.

అర్ధశతాబ్దపు పాత రోడ్లు

ఈ ప్రామాణిక పట్టికల వెనకున్న కొలతలు ప్రధానంగా 1960, 70 దశకాల్లో ఐరోపా రోడ్ల మీద చేసినవి. అప్పటి మిశ్రమాలు, అప్పటి టైర్లు, అప్పటి కంకర. నేటి రోడ్డుకు ఆ అంకెలు వర్తిస్తాయా అన్న ప్రశ్న మీద పరిశోధించడానికే, ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్న ఇన్రిమ్ అనే జాతీయ కొలతల సంస్థ నేతృత్వంలో 2017లో సర్ఫేస్ అనే ఐరోపా ప్రాజెక్టు మొదలైంది. నగరాల్లో నెమ్మదిగా వెళ్లే వాహనదారులు, సైకిళ్లవారు, పాదచారులు దగ్గరి రోడ్డును చూస్తారు కాబట్టి, ఒక డిగ్రీతో పాటు ఇంకా పెద్ద చూపు కోణాలకూ పట్టికలు కావాలన్నది దాని ముఖ్య ప్రతిపాదనల్లో ఒకటి.

పాత అంకెల వల్ల నష్టం ఎంత? ఒక రహదారికి 1.0 నిట్ల సగటు కావాలని, 0.07 క్యూ-సున్నాతో లెక్కవేసి సరిగ్గా అంతే వచ్చేలా దీపాలు పెట్టారనుకుందాం. అసలు రోడ్డు విలువ 0.09 అయితే 1.29 నిట్లు వస్తాయి, దీపాల కాంతిని 22 శాతం తగ్గించినా నష్టం లేదు. అసలు విలువ 0.05 అయితే 0.71 నిట్లే వస్తాయి, 0.75 నిట్లు అడిగే కింది తరగతి రహదారికి కూడా అది చాలదు. సీఐఈ తరగతుల్లో పై నుంచి కిందికి 2.0, 1.5, 1.0, 0.75, 0.5, 0.3 నిట్లు అడుగుతారు కాబట్టి, ఒక్క అంచనా పొరపాటుతో రోడ్డు రెండు మెట్లు దిగిపోతుంది.

మన దగ్గర ఈ ప్రశ్నకు మరో పార్శ్వం ఉంది. కొత్త తారు పొర మీద రాళ్లను కప్పిన నల్లని పూత వాహనాల రాపిడికి అరిగిన తర్వాత రోడ్డు రంగును నిర్ణయించేది కంకర. తెలంగాణలో చాలా భాగం బూడిద, గులాబీ గ్రానైట్ నేల, పడమటి అంచున వికారాబాద్ వైపు దక్కన్ నల్లరాయి. ఏ క్వారీ రాయి వాడారన్నది, కొన్నాళ్లకు, ఆ రోడ్డు మీద ఏ దీపం చాలుతుందో తేల్చే అంశమవుతుంది. కాంక్రీటుది ఎదురు ప్రయాణం. తెల్లగా పుట్టి రబ్బరు, నూనె మరకలతో నల్లబడుతుంది.

లక్స్ చాలదా అనే వాదన

మన దేశంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న ప్రమాణం ఐఎస్ 1944 (ఇది భారత ప్రమాణపు సంఖ్య, సంవత్సరం కాదు). దాని 1970 నాటి రూపం రోడ్లను ఏ1, ఏ2, బీ1, బీ2 అని విభజించి వరుసగా సగటున 30, 15, 8, 4 లక్స్ చెబుతుంది. లక్స్ పక్షం వారి వాదన బలహీనమైనదేమీ కాదు. రోడ్డు పరావర్తనం ఏటేటా మారుతుంది, అది కాంట్రాక్టరు చేతిలో లేదు, బిల్లు చెల్లించే ముందు రోడ్డు మీదికి వెళ్లి సరిచూసుకోగలిగింది లక్స్ ఒక్కటే. పైగా కూడళ్లలో, మలుపుల్లో చూపు దిశ ఒకటని చెప్పలేం కాబట్టి, నిట్లను సమర్థించే సీఐఈ కూడా అక్కడ లక్స్‌తోనే సరిపెడుతుంది.

నిట్ల పక్షం వారు పై ఉదాహరణనే చూపుతారు. 3.6 లక్స్ 40 లక్స్‌ను మించిపోయే చోట లక్స్ సగటు ఏం చెబుతుంది? సుమారు లెక్కగా, 15 లక్స్ 0.07 రోడ్డు మీద 1.05 నిట్లు, 0.10 రోడ్డు మీద 1.5 నిట్లు. తెల్లని సీసీ రోడ్డుకూ నల్లని తారు రోడ్డుకూ ఒకే లక్స్ అడగడం అంటే ఒకదాని మీద కరెంటు వృథా చేయడం, లేదా రెండోదాని మీద వెలుగు చాలించకపోవడం.

సోడియం దీపాల నుంచి తెల్లని ఎల్ఈడీలకు మారడం ఇంకో మెలిక పెట్టింది. తారు నీలి వెలుగు కన్నా ఎరుపు వైపు వెలుగును కాస్త ఎక్కువగా తిప్పి పంపుతుంది, ఆ లెక్కన పసుపు సోడియానికే కొంచెం లాభం. మసక వెలుగులో మన కంటికి నీలి ఛాయ వైపు సున్నితత్వం పెరుగుతుంది, ఆ లెక్కన లాభం తెల్ల దీపానిది. 2010లో సీఐఈ మసక చూపుకు విడి లెక్క ప్రకటించింది కానీ, ఆర్-పట్టికల్లో రంగుకు ఇప్పటికీ చోటు లేదు.

వాన పడితే

పైన చెప్పిందంతా ఎండిన రోడ్డు సంగతి. వాన పడగానే నీటి పొర గరుకు గుంటలను నింపి రోడ్డును అద్దం చేస్తుంది. దీపాల తోకలు సన్నగా, పొడవుగా సాగి కళ్లలో పొడుస్తాయి, మిగతా రోడ్డు ఎదుటి బండి వెలుగులో కరిగిపోతుంది. తడి రోడ్లకు డబ్ల్యూ1 నుంచి డబ్ల్యూ4 వరకు విడి వర్గాలున్నాయి. రోడ్డు మీద అతి తక్కువ వెలుగుకూ సగటుకూ ఉండాల్సిన నిష్పత్తిని పొడి రోడ్డుకు 0.40 అడిగే ప్రమాణాలు, తడి రోడ్డుకు 0.15తో రాజీపడతాయి. ఆ రాజీ చూస్తేనే పరిస్థితి అర్థమవుతుంది. నాలుగు నెలలు వానలు పడే చోట తడి పట్టికను పక్కనపెట్టి చేసిన డిజైన్‌ను సంపూర్ణమని నేను అనలేను. అయితే ఎంత తడి, ఎంత సేపటి తర్వాత కొలవాలన్నది ప్రయోగశాలలోనే తేలని విషయం కాబట్టి, తడి లెక్కలను నమ్మని ఇంజినీర్లను తప్పుపట్టడమూ కష్టమే.

తెల్ల రోడ్లు వేస్తే సరిపోతుంది కదా అన్నవారికి సమాధానం అంత సూటిగా లేదు. క్యూ-సున్నా 0.07 నుంచి 0.10కి పెరిగితే అదే వెలుగుకు 30 శాతం తక్కువ కాంతి చాలుతుంది. కానీ పొర ఖర్చు, మరమ్మతు తీరు, పగటి ఎండలో కళ్లు చెదరడం, టైరు పట్టు, ఇవన్నీ ఆ తూకంలో మరోవైపు ఉన్నాయి. దీపాల కరెంటు బిల్లు ఒక్కటే చూసి ఎవరూ రోడ్డు వేయరు.

ఎల్ఈడీలను కోరినంత తగ్గించడం, పెంచడం సాధ్యమే కాబట్టి, రోడ్డు వయసుతో పాటు దీపాన్ని సర్దుకోవచ్చన్న ఆలోచన ఇప్పుడు నడుస్తోంది. మన పట్టణాల్లో స్తంభాల పక్కన కనిపించే సీసీఎంఎస్ (కేంద్రీకృత నియంత్రణ, పర్యవేక్షణ) బాక్సులు, దీపాలు ఎప్పుడు వెలగాలో, ఎంత కరెంటు వాడాయో చూసుకుంటాయి. నిన్న రాత్రి ఆ వీధిలో కొత్త తారు పొర పడిందన్న సంగతి వాటికి ఎవరూ చెప్పరు.